యిప్ గారి వేణ్ణీళ్ళు

యిప్ గారు చన్నీళ్ళు తాగరు. నలభై నాలుగేళ్ళు మాంచెస్టర్‌లో బతికి, ఒక్క గ్లాసుడు చన్నీళ్ళు కావాలని తాగని మనిషి ఆయన. ఈ సంగతి ఆస్పత్రిలో అందరికంటే ముందు తెలిసినదాన్ని నేను. తెలుసు కదా అని గర్వపడ్డదాన్ని కూడా నేనే. అందుకే ఆయన గురించి రాద్దామని కూర్చున్నప్పుడల్లా ముందు నా మీద నాకే ఒళ్ళు మండుతుంది, కలం పక్కన పడేసి లేచిపోతాను. ఈసారి లేవను.

మాది చీరాల. 1999 ఫిబ్రవరిలో ఐదో నెల కడుపుతో నేను మాంచెస్టర్‌లో దిగేసరికి, మా ఆయన భానుప్రకాష్ చైనీస్ వంటకాలు కట్టిచ్చే ఒక టేక్‌అవే కొట్టు పైనున్న ఫ్లాట్ అద్దెకు తీసుకుని ఉన్నాడు. కింద మూకుడులో నూనె కాగడం మొదలైతే పైన నా కడుపులో దేవేది.

"ఇంత ఊళ్ళో మీకు ఈ కొంపే దొరికిందా?" అని మొదటి రోజే దెబ్బలాడాను.

"ఆఫీసుకి ఒకటే బస్సు పుష్పా. రెండు నెలలు సర్దుకో, మారిపోదాం," అన్నాడు.

రెండు నెలలు కాదు, మూడేళ్ళున్నాం. ఆ వాసన నాకు చివరిదాకా పడలేదు. కింద కొట్టు నడిపే యిప్ గారి వల్లే అక్కడ ఉండగలిగాను.

అప్పటికి ఆయనకు యాభై తొమ్మిదేళ్ళు. బక్కపల్చటి మనిషి, చేతుల మీద నూనె చిట్లిన మచ్చలు, చలికాలంలో కూడా వంటింట్లో బనీను మీదే ఉండేవారు. భార్య పోయి మూడేళ్ళయింది. ఒక్కతే కూతురు లిండా, లీసెస్టర్‌లో టీచరు. కౌంటరు వెనక ఆయన మోచేతి పక్కన ఎర్రటి ఫ్లాస్కు ఒకటి ఎప్పుడూ ఉండేది, దాని మీద పెద్ద పెద్ద పువ్వులు. అందులో టీ ఉంటుందని చాలా రోజులు అనుకున్నాను. టీ కాదు, ఉత్త వేణ్ణీళ్ళు.

ఆయన ఇంగ్లీషు, నా ఇంగ్లీషు రెండూ అంతంతమాత్రం. కాబట్టే ఇద్దరికీ బాగా కుదిరింది. మధ్యాహ్నం కొట్టు ఖాళీగా ఉన్నప్పుడు నేను కిందికి దిగి స్టూలు మీద కూర్చునేదాన్ని, ఆయన కేబేజీ తరుగుతూ ముక్క ముక్కగా తన కథ చెప్పేవారు. ఆయన మాటలు ఇక్కడ తెలుగులో రాస్తున్నాను.

హాంకాంగ్ పక్కన వరి పండించే పల్లె ఆయనది. బయటి దేశాల బియ్యం చవగ్గా వచ్చి పడేసరికి వ్యవసాయం గిట్టక, 1963లో, ఇరవై మూడేళ్ళ వయసులో ఓడెక్కారు. ఇక్కడొక హోటల్లో అంట్లు తోమే పని. చేరిన రోజే, డిసెంబరు నెలలో, తాగడానికి నీళ్ళడిగితే ఐసు ముక్కలు వేసిన గ్లాసు ఇచ్చారట.

"కొత్తవాణ్ణి కదా, ఏడిపిస్తున్నారనుకున్నాను. రెండో రోజూ అలాగే ఇచ్చారు. అప్పుడు చూశాను, వాళ్ళూ అవే తాగుతున్నారు. ఇష్టపడే తాగుతున్నారు," అన్నారు.

ఇంకొక సంగతి చెప్పినప్పుడు మాత్రం ఆయన నవ్వలేదు. ఆ హోటల్లో పనిచేసే తెల్లవాళ్ళు ఆరుగురు ఒకసారి ఆయన్ని పబ్బుకు తీసుకెళ్ళారు. ఒకడు అందరికీ బీరు కొని గ్లాసెత్తాడు. యిప్ గారి పల్లెలో పెద్దవాళ్ళు కప్పు ఎత్తి నీ వైపు చూశారంటే రెండు చేతులతో కప్పు పట్టుకుని అడుగంటా తాగాలి, సగంలో దింపితే అమర్యాద. ఈయన అడుగంటా తాగారు. రెండోవాడు కొన్నాడు, మళ్ళీ గ్లాసెత్తాడు. ఈయన మళ్ళీ తాగారు. మిగతావాళ్ళు ఎత్తి, కాస్త చప్పరించి దింపుతున్నారు. ఈయన మొహం కందగడ్డలా అయిపోయింది. అది చూసి వాళ్ళకు సరదా పుట్టి ఇంకా ఇంకా ఎత్తారు. చివరికి పబ్బు గుమ్మంలో వాంతి చేసుకుని అక్కడే కూలబడ్డారు. మర్నాటి నుంచి హోటల్లో ఆయన పేరు తాగుబోతు.

"మేం తింటూ తాగుతాం, పక్కవాళ్ళ కోసం తాగుతాం. వీళ్ళు తిండి లేకుండా, ఎవడి గ్లాసు వాడు తాగుతారు. అది నాకెవరూ చెప్పలేదు," అన్నారు కేబేజీ మీంచి తల ఎత్తకుండా.

జూన్‌లో మా సంజన పుట్టింది. పురుడు అక్కడి ఆస్పత్రిలోనే. ఇంకా ఒళ్ళు పచ్చిగా ఉండగానే మిడ్‌వైఫ్ నా పక్కన ఐసు ముక్కలు తేలుతున్న జగ్గు పెట్టి, "బాగా తాగాలి," అని వెళ్ళిపోయింది. ఫోన్‌లో మా అమ్మ చెప్పింది నా చెవుల్లో మోగుతోంది: బాలింతవి, చన్నీళ్ళు ముట్టుకోకు, నడుం పట్టేస్తుంది, బిడ్డకి జలుబు చేస్తుంది. వేణ్ణీళ్ళడిగితే పాలు పోసిన టీ తెచ్చారు. టీ కాదు, ఉత్త వేడినీళ్ళని ఇంకోసారి అడగడానికి మొహమాటపడి, గొంతెండిపోతూ గోడకేసి తిరిగి ఏడ్చాను.

సాయంత్రం విజిటింగ్ టైముకు యిప్ గారు వచ్చారు. చంకలో ఎర్ర ఫ్లాస్కు.

"లిండా పుట్టినప్పుడు మా ఆవిడకీ ఐసు నీళ్ళే ఇచ్చారు. నెల్లాళ్ళు ఏడ్చింది," అని మూత తీసి కప్పులో పోశారు. నీళ్ళలో అల్లం ముక్కలు. కప్పు ఖాళీ చేసి కింద పెడితే మళ్ళీ నింపారు. మళ్ళీ తాగాను, మళ్ళీ నింపారు. ఆయన నోరు తెరిచి కావాలా అని అడగనూ లేదు, నేను అడిగించుకోనూ లేదు. ఇక పట్టక నాలుగో కప్పు నిండుగా అలాగే వదిలేస్తే, అప్పుడు తలాడించి ఫ్లాస్కుకు మూత బిగించారు. ఆ నాలుగు కప్పుల నీళ్ళ రుచి నాకు ఇప్పటికీ గుర్తుంది. ఆయన అలా ఎందుకు పోస్తూ పోయారో, ఎందుకు ఆగారో మాత్రం ఆలోచించలేదు. పెద్దాయన, మంచివాడు, అంతే అనుకున్నాను.

2002లో మేము ఇల్లు కొనుక్కుని ఊరికి అవతలి కొసకు మారిపోయాం. మొదట్లో పండగలకు వెళ్ళేవాళ్ళం, తర్వాత ఫోన్, తర్వాత అదీ లేదు. ఆయన కొట్టు అమ్మేశారని ఎవరో చెప్తే విన్నాను. వెళ్ళి చూసిరావాలనుకుంటూనే ఏళ్ళు గడిపేశాను. ఈలోగా నాకొక ఆస్పత్రిలో ఉద్యోగం వచ్చింది. వార్డ్ హోస్టెస్ అంటారు. పేరు గొప్పే గానీ, పని టీ ట్రాలీ తొయ్యడం, మంచం మంచానికీ నీళ్ళ జగ్గు మార్చడం. సోమవారం నుంచి శుక్రవారం దాకా నా డ్యూటీ.

2007 ఫిబ్రవరిలో ఒక సోమవారం పొద్దున జగ్గులు మారుస్తూ కిటికీ పక్క మంచం దగ్గరికి వెళ్ళి ఆగిపోయాను. ఎముకల గూడులా యిప్ గారు. శనివారమే ఇంకో వార్డు నుంచి మార్చారట. ఇంటి ముందు మంచులో జారిపడి తుంటి విరిగింది. ఆపరేషన్ బాగానే జరిగింది గానీ, తర్వాత మనిషికి కాస్త మతి చెదిరింది, ఉన్న ఆ కాస్త ఇంగ్లీషూ పోయింది. బల్ల మీద నిన్నటి జగ్గు నిండుగా ఉంది, ఐసు కరిగిపోయి. మంచానికి తగిలించిన, ఎన్ని నీళ్ళు తాగారో రాసే ఫ్లూయిడ్ చార్టులో నాలుగు రోజులుగా ఒకటే మాట: నీళ్ళు వద్దన్నాడు, నీళ్ళు వద్దన్నాడు.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. తిన్నగా సిస్టర్ మోరీన్ దగ్గరికి వెళ్ళాను. ఆ వార్డు ఆవిడదే.

"ఆయన నీళ్ళు వద్దనడం లేదు సిస్టర్. చన్నీళ్ళు వద్దంటున్నాడు. వేడివి ఇచ్చి చూడండి."

"మతి స్థిమితం లేని పేషెంట్‌కి వేడివి ఇవ్వకూడదు పుష్పా, మీద పోసుకుంటే?" అంది. కానీ మంచి మనిషి, కాసేపు ఆలోచించింది. "నోరు కాలనంత వేడిగా, చిన్న స్టీలు పాట్‌లో తీసుకెళ్ళు. నువ్వే పొయ్యి. కప్పు కింద పెట్టేదాకా పక్కనే నిలబడు. ఎంత తాగాడో చార్టులో రాయి."

తర్వాత డాక్టరు చెప్పింది కూడా ఆవిడే నాకు చెప్పింది. కిడ్నీలు దెబ్బతింటున్నాయి, డ్రిప్ పెడదామంటే చేతుల్లో నరం దొరకడం లేదు, పెట్టిందల్లా వాచిపోతోంది. రోజుకు లీటరున్నర నోటితో తాగగలిగితే గండం గడిచినట్టే, రెండు వారాల్లో కూతురితో లీసెస్టర్ పంపేస్తారు. మంచుకు దార్లు మూసుకుపోయి లిండా ఇంకా రాలేకపోయిందట గానీ, అక్కడ గది సర్దేసిందట, మంచం పక్కన కెటిల్ కూడా పెట్టిందట. తాగకపోతే మాత్రం చెప్పలేమన్నారు.

సరే, ఇది నా వల్ల అయ్యే పనే అనుకున్నాను. నా తెలివి తెల్లారినట్టే ఉంది.

పాట్ తీసుకుని వెళ్ళాను. నన్ను చూసి ఆయన పెదాలు కాస్త కదిలాయి. నేను కప్పులో పొయ్యడం మొదలుపెట్టానో లేదో, దుప్పటి కిందనుంచి చెయ్యి బయటికి తీసి, కప్పు పక్కన బల్ల మీద రెండు వేళ్ళతో టకటకమని కొట్టారు. నేను వెంటనే ఆపేశాను. మన భోజనాల్లో విస్తరి మీద చెయ్యి అడ్డం పెడితే ఏమిటి అర్థం? చాలని. పోస్తుండగా పక్కన చెయ్యి ఆడిస్తే చాలనే కదా. కప్పులో పావు వంతు కూడా లేవు. ఆ పావు కప్పు రెండు చేతులతో పట్టుకుని, కళ్ళు మూసుకుని, గుటక గుటకగా తాగారు. నాలుగు రోజుల తర్వాత ఆ గొంతులో దిగిన మొదటి నీళ్ళు అవి. నాకు కళ్ళ నీళ్ళు తిరిగాయి.

ఖాళీ కప్పు కింద పెట్టి, కప్పు వైపు ఒకసారి, పాట్ వైపు ఒకసారి చూశారు.

"మోర్, అంకుల్?" అన్నాను.

మెల్లగా తల అడ్డంగా ఊపారు. మా ఇంట్లో అయితే ఊరుకునేదాన్ని కాను. వద్దన్నవాళ్ళకు కొసరి కొసరి వడ్డించే ఇంట్లో పెరిగినదాన్ని, మొదటి 'వద్దు' మేమెవరం లెక్కలోకి తీసుకోం. కానీ ఉద్యోగంలో చేరినప్పుడు రెండు రోజుల ట్రైనింగ్‌లో పదిసార్లు చెప్పారు, పేషెంట్ వద్దంటే వద్దనే, బలవంతం చెయ్యకూడదని. నాలుగేళ్ళలో నేను బాగా నేర్చుకున్న పని అదొక్కటే.

అప్పుడాయన చెయ్యి చాచి, పాట్ మూతను ఒక వేలితో లేపి అలాగే తెరిచి వదిలేశారు.

"చల్లారిపోతాయి అంకుల్," అని మూత మళ్ళీ వేశాను. ఆయన నా మొహంకేసి చూసి, చేతులు రెండూ ఒళ్ళో పెట్టుకున్నారు. నేను పాట్ తీసుకుని పక్క మంచానికి వెళ్ళాను. చార్టులో యాభై ఎమ్మెల్ అని రాశాను, పక్కన నా సంతకం గొప్పగా పెట్టాను.

రోజుకు ఐదుసార్లు వెళ్ళేదాన్ని. ఐదుసార్లూ ఇదే వరస. పొయ్యగానే రెండు వేళ్ళ టకటక, నేను ఆపడం. ఖాళీ కప్పు, ఆ చూపు. ఒక్కోసారి మూత తియ్యడం, నేను వెయ్యడం. చార్టులో రోజుకు రెండు వందల యాభై. సున్నా నుంచి రెండు వందల యాభై అంటే గొప్పే కదా అని సిస్టర్ మోరీన్ అందరి ముందూ మెచ్చుకుంది. నేను వార్డంతా కాస్త తలెత్తుకునే తిరిగాను.

ఇంట్లో చెప్తే సంజన, "హూ ఈజ్ యిప్ అంకుల్?" అంది. భానుప్రకాష్ మాత్రం కంచం ముందు ఆగిపోయాడు.

"లీటరున్నర కావాలంటే పావు లీటరేం సరిపోతుంది? ఇంకాస్త తాగించలేకపోయావా?"

"గొంతు పట్టుకుని పొయ్యమంటారా? ఆయనే చాలంటున్నాడు," అని కసిరాను.

రెండో సోమవారం చార్టు చూస్తే శని, ఆదివారాల దగ్గర తొమ్మిది వందలు, తొమ్మిది వందల యాభై అని ఉంది. ఆ రెండు రోజులూ లిండా వచ్చి పక్కన కూర్చుందట. కూతురు చేతి నీళ్ళు కదా, ఎక్కువే దిగుతాయిలే అనుకున్నాను. నిజం చెప్పొద్దూ, కొంచెం ఈర్ష్య కూడా పడ్డాను. అంతే తప్ప, ఆ మనిషికి దాహం ఉందని, తాగే ఓపిక ఉందని ఆ అంకెలు మొహాన కొట్టి చెబుతుంటే నాకు తలకెక్కలేదు. సోమవారం మళ్ళీ రెండు వందల యాభై.

మంగళవారం జ్వరం వచ్చింది. బుధవారం పాదంలో నరం వెతికి డ్రిప్ పెట్టారు, మధ్యాహ్నానికి అదీ పోయింది. నేను పాట్ పట్టుకుని వెళ్తే కళ్ళు తెరవలేదు. పెదాలు పగిలి ఉన్నాయి. కప్పులో కాసిని పోసి చప్పుడు చేశాను. దుప్పటి మీద చెయ్యి కదిలింది, రెండు వేళ్ళు గుడ్డ మీదే రెండుసార్లు ఆడాయి. తాగలేదు.

గురువారం పొద్దున ట్రాలీ తోసుకుంటూ వెళ్ళేసరికి మంచం ఖాళీ, పరుపు తుడిచేసి ఉంది. తెల్లవారుజామున పోయారని చెప్పారు. ఆయన పాట్ నా ట్రాలీ మీద అప్పటికే నింపుకుని ఉన్నాను. ఏం చెయ్యాలో తోచక దాన్ని సింకులో వంపేశాను.

అంత్యక్రియలకు రమ్మని లిండా ఫోన్ చేసింది. దహనం అయ్యాక ఊళ్ళోనే ఒక చైనీస్ రెస్టారెంట్‌లో భోజనం. గుండ్రటి బల్ల చుట్టూ పదిమందిమి. లిండా పక్కన ఆమె భర్త పాల్, ఇంగ్లీషువాడు, అటు పక్కన నేను.

లిండా టీపాట్ తీసుకుని వరసగా పొయ్యడం మొదలుపెట్టింది. మొదట ఒక ముసలావిడకు. ఆవిడ పక్కావిడతో మాట్లాడుతూనే, కప్పు పక్కన రెండు వేళ్ళతో టకటకమని కొట్టింది. లిండా ఆపలేదు. కప్పు నిండేదాకా పోసింది. తర్వాతాయనా కొట్టాడు, అదీ నిండింది. పాల్ కూడా కొట్టాడు. అతని కప్పూ నిండింది.



"లిండా, అదేమిటి? చాలనా అలా కొట్టడం?" అని అడిగాను.

"కాదు కాదు. థాంక్యూ అని. పోస్తున్నవాళ్ళకి మావాళ్ళు అలా చెప్తారు, మాట్లాడుకుంటున్న మాట ఆపక్కర్లేకుండా," అంది. "చాలనుకుంటే కప్పు నిండుగా వదిలేస్తారు. ఖాళీ చేశారంటే ఇంకా పొయ్యమనే. నాన్న అడగడం ఎప్పుడూ లేదు. అది మర్యాద కాదనేవాడు."

ఆ ముసలావిడ టీపాట్ మూత లేపి తెరిచి పెట్టింది. వెయిటర్ ఏమీ అడగకుండా వచ్చి, పాట్ పట్టుకెళ్ళి నీళ్ళు నింపుకొచ్చాడు. పాల్ నన్ను చూసి, "నాకిదంతా నేర్చుకోవడానికి ఏడాది పట్టింది," అన్నాడు.

నాకు చుట్టూ ఉన్నవాళ్ళ మాటలు వినపడడం ఆగిపోయింది. ఐదుసార్లు చొప్పున ఎనిమిది రోజులు. నలభై సార్లు ఆ మనిషి నాకు థాంక్యూ చెప్పాడు, నలభై సార్లూ నేను నీళ్ళు ఆపేశాను. ఇంకా కావాలని మూత తెరిస్తే నా చేత్తో నేనే మూశాను. కిడ్నీలు అంతకుముందే పోయాయేమో, పోసినా బతికేవారు కాదేమో, అది డాక్టర్లకే తెలియాలి. దాహంతో పోయారన్నది మాత్రం నాకు తెలుసు.

లిండా నా చేతి మీద చెయ్యి వేసింది.

"నీకు చెప్పాలి పుష్పా. ఆ వార్డులో వేడినీళ్ళిచ్చింది నువ్వొక్కదానివే అట. శనివారం నాన్న మా భాషలో చెప్పాడు, బేబీ వాళ్ళమ్మ రోజూ వస్తోందని. ఇంకా కొంచెం అడగొచ్చు కదా నాన్నా, అన్నాను. వద్దు, ఆ అమ్మాయికి ఎంత పనో, ఆ ఒక్క పాట్ అంతమందికి సర్దాలి పాపం, నేనే తాగేస్తే మిగతావాళ్ళకో, అన్నాడు."

నేను తల దించుకున్నాను. లిండా నా కప్పులో టీ పొయ్యడం మొదలుపెట్టింది. రెండు వేళ్ళు బల్ల మీద ఆనించాను గానీ, కొట్టడానికి చెయ్యి రాలేదు. ఈమెకు చెప్పెయ్యాలి, ఇప్పుడే చెప్పెయ్యాలి అనుకుని నోరు తెరిచాను.

"చాలనుకున్నాను," అన్నాను. తెలుగులో అన్నాను.

"ఏమన్నావు?" అంది లిండా, పాట్ అలాగే పట్టుకుని.

"టీ బాగుందన్నాను," అన్నాను. ఆమె నా కప్పు నిండుగా నింపి, నవ్వి, పక్కవాళ్ళకు పొయ్యడానికి తిరిగింది. నేనింకా ఆ టీ ముట్టుకోనే లేదు.